ఎస్పెరాంటో చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే ఆగిపోతున్నాను: ధారాళత ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: డ్యుయోలింగోలో ఇంగ్లీషు మీదుగా ఎస్పెరాంటో కోర్సు పూర్తిచేశారు, చిన్న వ్యాసాలను నిఘంటువు పెద్దగా చూడకుండానే చదువుతున్నారు, కానీ ఎవరైనా ఫోనులో పలకరిస్తే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతున్నారు. ఇంకెంత కాలం పడుతుంది, ఏం చేయాలి, పరీక్ష రాస్తే ఉపయోగం ఉందా అని అడిగారు. హైదరాబాదులో, చుట్టుపక్కల ఈ భాష మాట్లాడే మనిషి దాదాపు కనిపించని చోట నేర్చుకున్నవాడిగా నాకు పనికొచ్చిన సంగతులు చెబుతాను.

మీరు వర్ణించిన స్థితి ఈ భాష నిర్మాణం నుంచే పుడుతుంది. వేర్వేరు దేశాలవారు మాట్లాడుకోవడానికి ఈ భాషను కల్పించిన జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో వెలువరించిన తొలి పుస్తకంలో వ్యాకరణమంతా 16 నియమాల్లో ఇమిడిపోయింది. నామవాచకాలు 'ఓ'తోనూ విశేషణాలు 'అ'తోనూ ముగుస్తాయి, క్రియలకు మినహాయింపులు లేవు. కాబట్టి చదివేటప్పుడు ప్రతి పదమూ వాక్యంలో తన పాత్ర ఏమిటో తానే చెప్పేస్తుంది, మనం గుర్తుపడితే చాలు. మాట్లాడేటప్పుడు ఆ పదాన్ని ధాతువు నుంచి చివరి ప్రత్యయం దాకా మనమే కట్టాలి, అదీ ఎదుటివారు ఎదురుచూస్తుండగా కట్టాలి. టాల్‌స్టాయ్ 1894లో ఒక లేఖలో, రెండు గంటలకు మించని అధ్యయనంతో ఈ భాషను రాయలేకపోయినా సులువుగా చదవగలిగానని పేర్కొన్నాడు. ఎస్పెరాంటో ప్రచారకులు అందులోని రెండు గంటల ముచ్చటను ఇష్టంగా చెబుతారు, రాయలేకపోవడం గురించిన ముక్కను మాత్రం వదిలేస్తారు. చదవడం దగ్గరే ఏళ్ల తరబడి నిలిచిపోయినవారిని ఎస్పెరాంటో లోకంలో 'ఎతేర్న కొమెన్‌త్సాంతో' అంటారు, అంటే నిత్య ప్రారంభకుడు. అలాంటివారు చాలామందే ఉన్నారు, వారిలో కొందరికి వ్యాకరణం నాకంటే బాగా తెలుసు.

నా ప్రధానమైన సలహా ఒకటే: వాక్యాన్ని ఇంగ్లీషులో తయారుచేసుకుని ఎస్పెరాంటోలోకి మార్చడం మానేసి, తెలుగు నుంచి నేరుగా కట్టడం అలవాటు చేసుకోండి. కోర్సు ఇంగ్లీషులో ఉన్నందువల్ల, ఇంగ్లీషువారికి కష్టమైనవన్నీ మనకూ కష్టమేనన్న భావన తెలియకుండానే కలుగుతుంది. నిజానికి వారు నెలల తరబడి తడబడే అంశాల్లో సగం మనకు ఇంట్లో ఉన్నవే. ప్రశ్నార్థకాలు, నిర్దేశకాలు మొదలైన 45 పదాల పట్టిక చూసి బెంబేలెత్తినవారిని చాలామందిని చూశాను. కీయె, తీయె, కీయమ్, తీయమ్, కీయొమ్, తీయొమ్, కీయెల్, తీయెల్ అనే జంటలను ఎక్కడ, అక్కడ, ఎప్పుడు, అప్పుడు, ఎంత, అంత, ఎలా, అలా అనే జంటల పక్కన పెట్టి చూడండి. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో అనడానికి కూడా అక్కడ విడిగా ఒక వరుస ఉంది. తెలుగువారు ఈ పట్టికను బట్టీ పట్టవలసిన పనిలేదు, ఒక పూట శ్రద్ధగా కూర్చుంటే సరిపోతుంది.

ద్వితీయా విభక్తికి వచ్చే 'న్' ప్రత్యయం కూడా ఇంతే. అది మన 'ను' చేసే పనే చేస్తుంది. అంతేకాక, గమ్యాన్ని సూచించడానికి కూడా అదే ప్రత్యయం వస్తుంది: 'ఎన్ లా దోమో' అంటే ఇంట్లో, 'ఎన్ లా దోమోన్' అంటే ఇంట్లోకి. ఇంగ్లీషు పాఠంలో దీని వివరణ చాలాసేపు సాగుతుంది, మనకు 'లో', 'లోకి' అంటే తీరిపోతుంది. 'సీయ' అనే సర్వనామం సరిగ్గా మన 'తన'. రవి తన పుస్తకం తెచ్చాడా, అతని పుస్తకం తెచ్చాడా అన్న తేడా మనం చిన్నప్పటి నుంచి పాటిస్తున్నదే. తలుపు మూశాను అనడానికి 'ఫేర్మిస్', తలుపు మూసుకుంది అనడానికి 'ఫెర్మీజిస్' వాడతారు. మూయడానికీ మూసుకోవడానికీ మధ్య తేడా తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. చదువుతున్న, చదివిన, చదవబోయే అనే మూడు రూపాలకు 'లెగాంత, లెగీంత, లెగోంత' అని మూడు రూపాలు సిద్ధంగా ఉన్నాయి. ఉచ్చారణలో ఇంగ్లీషు 'సి' అక్షరం ఆకారంలో ఉండే హల్లును చాప, చుక్క అనే మాటల్లోని దంత్య చకారంలాగా పలికితే దాదాపు సరిపోతుంది. ఇంగ్లీషు ప్రభావంతో 'ట, డ'లు పలకకుండా 'త, ద'లకు దగ్గరగా ఉండండి, అన్ని దేశాలవారికీ స్పష్టంగా వినిపిస్తుంది.

పద క్రమం గురించి కూడా భయం అక్కరలేదు. కర్మకు 'న్' ఉన్నందువల్ల 'మి లీబ్రోన్ లేగిస్', అంటే నేను పుస్తకం చదివాను, అని మన వరుసలో చెప్పినా వ్యాకరణం తప్పదు. సాధారణంగా క్రియను మధ్యలో ఉంచుతారు, ఆ అలవాటు వినగా వినగా వస్తుంది. తొలి నెలల్లో క్రమాన్ని సరిదిద్దుకోవడం కోసం మాట ఆపకండి.

ఇక తెలుగు మనల్ని పక్కదారి పట్టించే చోట్లు ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకోవడం మంచిది. మనం రాముణ్ని చూశాను అంటాం కానీ పుస్తకం చదివాను అంటాం. అచేతన వస్తువులకు 'ను' తరచూ వదిలేస్తాం. అందుకే తెలుగువారి ఎస్పెరాంటోలో మనుషులకు 'న్' చక్కగా పడి, వస్తువుల దగ్గర ఎగిరిపోతుంది. ఎవరూ రాలేదు అన్నప్పుడు మన క్రియ కూడా వ్యతిరేకార్థంలోనే ఉంటుంది. ఎస్పెరాంటోలో 'నెనీయు వేనిస్' అని ఒక్క వ్యతిరేకతతో ఆపాలి, రెండోది చేరిస్తే అర్థం తారుమారవుతుంది. మన విశేషణాలు మారవు, అక్కడివి నామవాచకంతో పాటు బహువచనాన్నీ విభక్తినీ ధరిస్తాయి: అందమైన పువ్వులను అనడానికి 'బేలైన్ ఫ్లోరోయ్న్'. నిన్న వచ్చిన మనిషి వంటి పదబంధాన్ని కృదంతంతో యథాతథంగా కట్టవచ్చు కానీ బరువుగా వినిపిస్తుంది, 'కీయు'తో, అంటే 'ఎవరు' అనే మాటతో, విడి ఉపవాక్యం పెట్టడమే సహజం. ఈ నాలుగింటికీ వివరణలు ఎన్ని చదివినా ఫలితం తక్కువ. రోజూ కొన్ని తెలుగు వాక్యాలను బయటికి పలుకుతూ మార్చడం వల్లనే అవి నా నోటికి పట్టాయి. సందేహం వచ్చినప్పుడు బెర్టిలో వెన్నెర్‌గ్రెన్ రాసిన సమగ్ర వ్యాకరణం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని మాత్రం కూర్చోవద్దు.

మాట్లాడడానికి మనిషి కావాలి, అందులో మినహాయింపు లేదు. పెద్ద గుంపుల్లో చేరి మౌనంగా వినడం కంటే, వారంలో నిర్ణీత వేళకు మాట్లాడే ఒకరిద్దరు భాగస్వాములు ఉండడం ఎన్నో రెట్లు మేలు. ఎడుకాడో డాట్ నెట్ అనే ఉపాధ్యాయుల వేదిక 'ఎక్పరోలు' పేరుతో సరిగ్గా ఇందుకోసమే ఒక కార్యక్రమం నడిపింది. అందులో అనుభవజ్ఞులను మామయ్యలు, అత్తయ్యలు అనే వరసలతోనూ, నేర్చుకునేవారిని మేనల్లుళ్లు, మేనకోడళ్లు అనే వరసలతోనూ పిలుస్తారు. మనకు వెంటనే నచ్చే ఏర్పాటు అది. భాగస్వామిని ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతాను: ఇంగ్లీషు రానివారిని, లేదా మీతో ఇంగ్లీషులో మాట్లాడడానికి ఇష్టపడనివారిని వెతకండి. బెంగళూరులో జరిగిన ఒక కలయికలో తోటి భారతీయులతో నా సంభాషణ కష్టం ఎదురైన ప్రతిసారీ ఇంగ్లీషులోకి జారిపోయేది, జపాను నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో మాత్రం అలా జారే వీలే లేకపోయింది. ఆయన నిదానంగా మాట్లాడేవారు, నేను వెతుక్కుంటుంటే ఓపికగా ఆగేవారు. ఆ మధ్యాహ్నం నాకు కోర్సులోని ఎన్నో పాఠాల కంటే ఎక్కువ ఇచ్చింది. ఎస్పెరాంటో మాట్లాడవలసిన చోట సొంత భాషలోకి జారడాన్ని వారు 'క్రొకొదీలి' అంటారు, మొసలి పేరు మీద పుట్టిన క్రియ అది. సమావేశాల్లో ఆ మాట సరదాగా అన్నా, నియమాన్ని గట్టిగానే పాటిస్తారు.

మాట తట్టనప్పుడు నోరు మూసుకోకుండా కొత్త మాట కట్టడం ఈ భాషలో తప్పు కాదు, అదే దీని పద్ధతి. ఫ్రిజ్‌కు స్థిరపడిన పదం 'ఫ్రిదూయో'. అది గుర్తుకు రాకపోతే చల్లనిది అనే విశేషణానికి పాత్రను సూచించే ప్రత్యయం చేర్చి 'మల్వర్మూయో' అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. వండడం అనే ధాతువు ఒక్కటి ఉంటే 'కుయిరేయో' అని వంటగది, 'కుయిరీస్తో' అని వంటవాడు వాటంతట అవే వస్తాయి. అందువల్ల తొలి దశలో అరుదైన పదాల జాబితాలు పోగుచేయడం కంటే, ప్రత్యయాలన్నింటినీ తడుముకోకుండా వాడగలగడం మీదే సమయం పెట్టమంటాను. నా దృష్టిలో ఇక్కడ ధారాళత అంటే ఈ వేగమే.

చదవడం మానవద్దు, కానీ పద్ధతి మార్చండి: చదివేది బయటికి వినిపించాలి. ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడిగా పనిచేసిన క్లోడ్ పిరాన్ ప్రారంభకుల కోసం రాసిన 'గెర్డా మలపేరిస్' అనే చిన్న నవల ఎక్కువగా సంభాషణలతో నడుస్తుంది, కాబట్టి గట్టిగా చదవడానికి బాగా పనికొస్తుంది. తర్వాత యువజన సంఘం పత్రిక 'కొంతాక్తో'లో సులభమైనవిగా గుర్తుపెట్టిన వ్యాసాలు చదవండి. వినడానికి 'ముజాయికో' అనే ఇంటర్నెట్ రేడియో, 'కేర్న్ పూంక్తో' అనే పాడ్‌కాస్ట్ ఉన్నాయి. రెండోది మీ స్థాయికి మొదట కష్టంగా ఉంటుంది, అయినా ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ వినండి.

కాలం సంగతి: వారాల్లో వస్తుందన్న మాట నమ్మకండి, ఇంగ్లీషుకు పట్టినన్ని ఏళ్లు పడతాయనీ భయపడకండి. వారానికి రెండు సంభాషణలు, రోజూ కొంత గట్టిగా చదవడం తప్పకుండా సాగితే, ఇల్లు, ఉద్యోగం, ప్రయాణం వంటి మామూలు విషయాల మీద ఆరు నెలల్లోపే తడబాటు తగ్గుతుందని నా అంచనా. రాజకీయాలో సాహిత్యమో వాదించే స్థాయికి చాలా ఎక్కువ కాలం పడుతుంది, అక్కడ భాష కంటే చదివినదాని విస్తృతి ముఖ్యమవుతుంది.

పరీక్ష విషయానికొస్తే, ప్రపంచ ఎస్పెరాంటో సంఘం యూరప్ భాషా ప్రమాణాల ప్రకారం బి1, బి2, సి1 స్థాయిల్లో, అంటే మధ్యస్థం నుంచి ఉన్నత స్థాయి దాకా, పరీక్షలు నిర్వహిస్తోంది. మీరు చెప్పినదాన్నిబట్టి చదవడంలో బి1కు దగ్గరలో ఉన్నారు, మాట్లాడడంలో లేరు. మౌఖిక భాగం కూడా ఉన్నందువల్ల ఆ పరీక్షకు సిద్ధం కావడం మీకు మంచి ఒత్తిడే. మన దేశంలో ఆ పత్రాన్ని అడిగే యజమాని దాదాపు ఉండడు కాబట్టి, రుసుము కట్టే ముందు ఒక భాగస్వామిని కుదుర్చుకుని కొన్ని వారాలు మాట్లాడి చూడండి, ఆ తర్వాత ఏ స్థాయికి దరఖాస్తు చేయాలో మీకే తెలుస్తుంది.