టికెట్లు వదిలే పది గంటలకే విండోస్ రీస్టార్ట్ అవుతుంటే ఏం చేయాలి?

మీరడిగింది: తిరుపతిలో నెట్ సెంటర్, ఆరు సిస్టమ్‌లు, అన్నిట్లో విండోస్ 11 హోమ్. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో ఉదయం 10కి వదిలే రోజే ఏదో ఒకటి రీస్టార్ట్‌కి పోతోంది, అప్‌డేట్‌ని శాశ్వతంగా ఆపే దారుందా అని.

హోమ్‌లో శాశ్వతంగా ఆపలేరన్నా. ఎప్పుడు జరగాలో మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

ముందు ఒకటి చూసుకోండి. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి పోతున్నారా? చాలాచోట్ల అసలు తంటా ఇదే. మీరు లేని వేళలో రీస్టార్ట్ చేసుకుందామని విండోస్ చూస్తుంది, ఆ వేళకి సిస్టమ్‌కి కరెంటే ఉండదు. పని అంతా పేరుకుని పగలు మీద పడుతుంది.

సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోండి. యాక్టివ్ అవర్స్ (అంటే మీరు పనిచేసే వేళలు, అప్పుడు విండోస్ తనంతట రీస్టార్ట్ చేయదు) 'ఆటోమేటిక్' అని ఉంటే 'మాన్యువల్' చేసి ఉదయం 6 నుంచి రాత్రి 11 పెట్టండి. 18 గంటలకు మించి ఒప్పుకోదు. అక్కడే 'గెట్ మీ అప్ టు డేట్' అని ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే యాక్టివ్ అవర్స్‌ని కూడా లెక్కచేయకుండా రీస్టార్ట్ చేస్తుంది. రీస్టార్ట్ కావాల్సినప్పుడు ముందుగా చెప్పే నోటిఫికేషన్‌ని ఆన్ చేయండి.

యాక్టివ్ అవర్స్ ఆపేది రీస్టార్ట్‌నే, డౌన్‌లోడ్‌ని కాదు. పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో డిస్క్ 100 శాతానికి పోయి, బ్రౌజర్ కదలకపోవడానికి కారణం అదే. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ వైఫైని, కేబుల్ అయితే ఈథర్‌నెట్‌ని 'మీటర్డ్ కనెక్షన్' (డేటా పొదుపుగా వాడాల్సిన నెట్ అని విండోస్‌కి చెప్పడం) చేస్తే చాలావరకు డౌన్‌లోడ్‌లు ఆగుతాయి.

నెలవారీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది, మనకు అది రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతం. ఆ రాత్రే దూకొద్దు. వచ్చిన వెంటనే ప్రింటర్లు పనిచేయని నెలలు ఉంటాయి. 'పాజ్' ఒక వారం నొక్కండి. మొత్తం 5 వారాల దాకా ఆపొచ్చు, గడువు అయ్యాక అప్‌డేట్ చేస్తేనే మళ్లీ పాజ్ ఇస్తుంది. తర్వాత ఒక రాత్రి మీటర్డ్ తీసేసి ఒక్క సిస్టమ్‌కే అప్‌డేట్ పెట్టండి. పొద్దున ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషిన్ చూసుకుని మర్నాటి రాత్రి మిగతా ఐదింటికి పెట్టండి. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో లోకల్ నెట్‌వర్క్ సిస్టమ్‌లను అనుమతిస్తే ఒకటి తెచ్చుకున్నది మిగతావి పంచుకుంటాయి, డేటా కలిసొస్తుంది. సీ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంచండి. చోటు చాలకపోతే 0x80070070 అనే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

సర్వీసెస్‌లోకి పోయి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేయమని ఎవరైనా చెబితే వినొద్దు. మెడిక్ అనే ఇంకో సర్వీస్ దాన్ని మళ్లీ లేపుతుంది. పైగా జిరాక్స్‌కి వచ్చే ప్రతివాళ్ల పెన్‌డ్రైవ్ మీ సిస్టమ్‌కే పెడతారు కదా, ప్యాచ్‌లు (వైరస్‌లు దూరే లొసుగుల్ని మూసే అప్‌డేట్‌లు) లేకుండా ఉంచడం మొండితనమే.

'టర్న్ ఆఫ్ చేయొద్దు' అని స్క్రీన్ మీద చూపిస్తూ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలకు మించి మోయదు. అందుకే కోతలుండే రాత్రి పెట్టొద్దు. ఆ తర్వాత బూట్ కాకపోతే, లోడ్ అవుతుండగా మూడుసార్లు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. రికవరీ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లో చివరి క్వాలిటీ అప్‌డేట్ (ఆ నెలవారీదే) తీసేయండి. అక్కడ బిట్‌లాకర్ కీ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం తీసే నంబర్) అడగొచ్చు, ఈరోజే కాగితం మీద రాసి పెట్టుకోండి.