సక్కర్ చేపకు పాచి ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అక్వేరియంలో సక్కర్ చేప పొట్ట లోపలికి పోయింది. అద్దాల మీది పాచి తింటుంది కదా అని వేరే మేత వేయట్లేదు. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అది ఆకలితో ఉందమ్మా, పాచితో దాని కడుపు నిండదు. రాత్రి లైటు ఆర్పాక, మిగతా చేపలు సద్దుమణిగాక, అడుగుకు మునిగే వేఫర్ బిళ్ల (చేపల మేత బిళ్ల) వేయండి, మధ్యమధ్యలో కీరా ముక్కో ఉడికించిన సొరకాయ ముక్కో బరువు కట్టి దించండి, మిగిలింది పొద్దున్నే తీసేయకపోతే నీళ్లు పాడవుతాయి. మన ఎండలకు నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గిపోతుంది, ఎయిర్ పంపు ఆపొద్దు. ఇది అడుగు పొడవు దాటి పెరిగే రకం, చిన్న తొట్టి సరిపోదు. పెంచలేకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి, బందరు కాలువలోనో కృష్ణలోనో మాత్రం దయచేసి వదలొద్దు, అక్కడ మన చేపల మేత లాగేసుకుంటుంది, జాలర్ల వలలు చింపేస్తుంది.