గడ్డి వేళ్ల మీద బతికే గులాబీ రంగు పువ్వు: పరాన్నజీవిని ఎందుకు కాపాడాలి?

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ తూర్పు కొసన ఉన్న మాంటాక్ వెళ్లినప్పుడు శాండ్‌ప్లెయిన్ జెరార్డియా అనే అరుదైన పువ్వు మొక్క గురించి విన్నానని, అది పరాన్నజీవి అయితే పక్కనున్న గడ్డిని చంపెయ్యదా అని మీరు అడిగారు. అలాంటి మొక్కను ఇంత కష్టపడి కాపాడటం ఎందుకు, విత్తనం దొరికితే మన పెరట్లో వేసుకోవచ్చా అని కూడా అడిగారు. నేను లాంగ్ ఐలాండ్‌లో ఉంటాను. ఐదేళ్లుగా ప్రతి సెప్టెంబరులో ఈ మొక్కల్ని లెక్కపెట్టడానికి వాలంటీర్‌గా వెళ్తున్నాను కాబట్టి తెలిసినంత చెప్తాను.

మీ అనుమానం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో, పొగాకు పండించే ఇంట్లో. పొగాకు మల్లె అనే పరాన్నజీవి మొక్క పేరెత్తితే మా ఇంట్లో తిట్టుతో సమానం. ఆకు ఏపుగా ఉన్న చేలో మొక్క మొదట్లోంచి పాలిపోయిన కాడలు పైకి పొడుచుకొస్తాయి. వాటికి పచ్చదనమే ఉండదు, తిండి మొత్తం పొగాకు వేరు నుంచే లాగుతాయి. పువ్వు విచ్చి విత్తనం రాలేలోపు పీకెయ్యాలని నాన్న మమ్మల్ని బడి నుంచి రాగానే చేలోకి పంపేవాడు. పీకినదాన్ని గట్టు మీద వదిలితే ఊరుకునేవాడు కాదు, దూరంగా తీసుకెళ్లి కాల్చాల్సిందే. ఆ విత్తనం దుమ్ములా ఉంటుంది, నేలలో ఏళ్ల తరబడి చావదు.

ఇక్కడ మొదటిసారి లెక్కింపుకు వెళ్లినప్పుడు, ఈ జెరార్డియా కూడా ఒరోబాంకేసీ కుటుంబానిదే అని మాకు పని నేర్పినావిడ చెప్పారు. అంటే మన పొగాకు మల్లెకు, జొన్న చేలో వచ్చే స్ట్రైగా మల్లెకు ఇది చుట్టమే. అయితే చుట్టాలందరి బుద్ధీ ఒకటి కాదు. జెరార్డియాకు సొంతంగా ఆకుపచ్చని ఆకులున్నాయి, ఎండలో తన తిండి తనే వండుకుంటుంది. పక్కనున్న లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లకు తన వేళ్ల మీది చిన్న చిన్న బుడిపెలతో అతుక్కుని, నీళ్లూ ఖనిజాలూ కొంత తీసుకుంటుంది. పక్క వేరు నుంచి వచ్చే రసాయనాల్ని పసిగట్టాకే ఆ బుడిపెలు తయారవుతాయి. వాటిని హాస్టోరియా అంటారు. మనకు తెలిసిన పోలిక కావాలంటే గంధం చెట్టు. అది కూడా సగం పరాన్నజీవే, అందుకే గంధం పక్కన కంది వెయ్యమని రైతులకు చెప్తారు. మామిడి కొమ్మ మీద బదనిక కూడా ఈ సగం బాపతే, కానీ అది ముదిరితే కొమ్మను ఎండబెడుతుంది. జెరార్డియా జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు ఉండే ఏడాది మొక్క. బ్లూస్టెమ్ ఏళ్ల తరబడి బతికే మొండి గడ్డి. దీనివల్ల ఆ గడ్డి చచ్చిపోయిన చోటు నేనింతవరకు చూడలేదు.

ఒకసారి అక్కడి నుంచే నాన్నకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన పువ్వును పట్టించుకోలేదు. "కింద గడ్డి వాడిందేమో చూపించరా" అన్నాడు. ఫోన్ నేలకు ఆనించి చూపిస్తే కాసేపు చూసి, "వాడలేదే. అయితే పీకమాకు" అన్నాడు.

ఇప్పుడు పువ్వు సంగతి. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. సన్నటి కాడ, దారాల్లాంటి ఆకులు, చిటికెన వేలి గోరంత గులాబీ రంగు గంట. లోపలికి తొంగిచూస్తే గొంతులో రెండు పసుపు గీతలు, చుట్టూ ముదురు చుక్కలు కనిపిస్తాయి. తేనెటీగలు ఆ గీతల వెంటే లోపలికి దూరతాయి. ఒక్కో పువ్వు ఉండేది ఒక్క పూటే. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రేకుల గొట్టం మొత్తం ఊడి కింద పడిపోతుంది. మొదటి ఏడాది ఇది తెలియక, మేం ముగ్గురం ఒక చోటికి మూడు గంటలకు వెళ్లాం. ఏమీ కనపడలేదు. ఈ ఏడాది ఇక్కడ మొక్కే రాలేదని రాసుకుని తిరిగి రాబోతుంటే, ఇసుక మీద ముడుచుకుపోయిన గులాబీ గొట్టాలు కనిపించాయి. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే గడ్డి మధ్యలో, గడ్డి రంగులోనే, మొక్కలు. మర్నాడు తొమ్మిదింటికి వెళ్తే అదే చోట అరవై దాకా ఉన్నాయి. ఆ రోజు అలాగే వచ్చేసి ఉంటే ఆ జాగా లెక్కలో సున్నా అయిపోయేది. ఇప్పటికీ అది తలుచుకుంటే టెన్షన్ వస్తుంది.

మీ అసలు ప్రశ్న, ఎందుకు కాపాడాలని. దాన్ని కొంచెం తిప్పి, ఇది ఎందుకు తగ్గిపోయిందని అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. ఇది నీడలో బతకదు. సముద్రపు గాలికి పొదలు పొట్టిగా ఉండిపోయే చోట, ఇసుక నేలలో, గడ్డి దుబ్బుల మధ్య అరచేతి వెడల్పున మట్టి కనపడే ఖాళీల్లో దాని విత్తనం మొలుస్తుంది. ఆ ఖాళీలు ఊరికే ఉండవు. నిప్పు వల్లో, పశువుల గిట్టల వల్లో, కొడవలి వల్లో ఏర్పడాలి. మాంటాక్‌లో 1600ల నుంచి ఊళ్లవాళ్లు పశువుల్ని తోలుకొచ్చి మేపేవారు. మేత ఆగిపోయాక పొదలు కమ్ముకున్నాయి, మిగతా చోట ఇళ్లొచ్చాయి. లాంగ్ ఐలాండ్‌లోనే పడమటి వైపు హెంప్‌స్టెడ్ మైదానం ఒకప్పుడు దాదాపు 40,000 ఎకరాల పచ్చిక. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా ఆగకుండా దాటిన పైలట్ లిండ్‌బర్గ్ విమానం పారిస్‌కు ఎగిరింది ఆ నేల మీంచే. ఇప్పుడు అక్కడ కాలనీలు, మాల్స్, పార్కింగ్ లాట్లు. నాసో కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో 19 ఎకరాలు మాత్రం కాపాడుతున్నారు, జెరార్డియా అక్కడ ఉంది. 1988లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చేనాటికి మసాచుసెట్స్ తీరంలోని కేప్ కాడ్‌లో ఇది మిగిలింది ఎక్కడో తెలుసా, పాత శ్మశానాల్లో. సమాధుల మధ్య గడ్డి ఎప్పటికప్పుడు కోస్తుండేవాళ్లు కాబట్టి పొదలు పైకి లేవలేదు, ఈ మొక్క బతికిపోయింది.

అందుకే కంచె వేసి ఎవర్నీ రానివ్వకపోతే చాలనుకోవడం దీనికి పనికిరాదు. నేను చూసిన ఒక చోట సరిగ్గా అదే జరిగింది. మంచి ఉద్దేశంతోనే కంచె కట్టి వదిలేశారు. మూడో ఏడాదికి పొదలు నడుమెత్తు వచ్చి, మేం లెక్కపెట్టింది నాలుగు మొక్కలు. తర్వాత శీతాకాలంలో పొదలు నరికి, గడ్డి కోసి, అక్కడక్కడా నేలను రేక్‌తో గీరారు. మరుసటి సెప్టెంబరులో వంద దాటాయి. నేలలో దాగున్న విత్తనం వెలుతురు కోసం కాచుకుని ఉందన్నమాట. ఏడాది మొక్క కాబట్టి వానను బట్టి, నేలను బట్టి లెక్క బాగా ఎక్కువ తక్కువలవుతుంది, ఒక్క ఏడాది చూసి కంగారు పడకూడదు. కోత కూడా వేళ చూసి కొయ్యాలి. జూలైలోనో ఆగస్టులోనో మిషన్ పెడితే ఆ ఏటి విత్తనం మొత్తం పోయినట్టే. కాయలు పగిలి విత్తనం రాలాక, చలి ముదిరే ముందు కోస్తే మంచిది.

ఇంకొకటి, మీరు ఎక్కడైనా చదివే అవకాశం ఉంది కాబట్టి చెప్తున్నా. 2011లో జన్యువులూ ఆకారమూ కలిపి పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఈ అగాలినిస్ అక్యూటా (మన జెరార్డియా శాస్త్రీయ నామం) వేరే జాతి కాదని, అమెరికా దక్షిణాదిన పెరిగే అగాలినిస్ డిసెమ్‌లోబాలో భాగమేనని తేల్చారు. అయితే ఇక అరుదు కాదు కదా అని కొందరు వాదిస్తారు. నాకు ఆ వాదన నచ్చదు. పేరు మారితే మాంటాక్‌లో పొదలు వెనక్కి తగ్గవు. ఈ తీరంలో ఇది పోతే దానితోపాటు ఆ గడ్డి నేల కూడా పోయినట్టే లెక్క.

పెరట్లో వెయ్యడం గురించి: వద్దు. విత్తనం అడవి నుంచి తేకూడదు, మొక్కను తవ్వితే గడ్డి వేరుతో ఉన్న అతుకు తెగి చస్తుంది. మీకు ఎండ పడే ఇసుక నేల ఉంటే లిటిల్ బ్లూస్టెమ్ నాటండి, నర్సరీల్లో దొరుకుతుంది. ఎరువు వెయ్యక్కర్లేదు, బలం ఎక్కువైతే పడిపోతుంది. అక్టోబరులో రాగి రంగుకు తిరిగి చాలా అందంగా ఉంటుంది.

చూడాలంటే సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో మాంటాక్‌లోని షాడ్‌మూర్ స్టేట్ పార్కుకు వెళ్లండి. 99 ఎకరాలు, రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకర్లు ఇంకా ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికల్లా చేరుకోండి, బాట దిగొద్దు, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, అక్కడ టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఎక్కువ. గులాబీ రంగులో కనిపించిందల్లా ఇదే అనుకోకండి, దీన్ని పోలిన జెరార్డియాలు ఇంకో రెండు పూస్తాయి. దీని ఆకు కొంచెం పసుపు కలిసిన లేత పచ్చ, పువ్వు కాడ పొడుగు. పర్పుల్ జెరార్డియాకు కాడ ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది. ఫొటో తీస్తే పువ్వును పక్క నుంచి, కాడ కనపడేలా తియ్యండి. ఇక్కడ పెడితే ఏదో చూసి చెప్తాను.