బంధాల గురించి రాయబోయే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చి. హారికకు, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. ఇంటర్ మొదటి ఏడాది బైపీసీ పిల్లల కోసం రసాయన బంధాల మీద తెలుగులో రాయాలని పూనుకున్నావు, చాలా సంతోషం. బయాలజీ మొదలుపెట్టిన పిల్లలు ముందుగా బెదిరేది అక్కడే. జీవుల గురించి చదువుదామని వస్తే మళ్లీ ఈ కెమిస్ట్రీ ఏంటని వాళ్ల బాధ. నీ వ్యాసం దానికి జవాబు చెప్పాలి. ఇప్పుడున్న రూపంలో చెప్పడం లేదు.

అయానిక బంధానికో పేరా, ఎలక్ట్రాన్లు పంచుకునే సమయోజనీయ బంధానికో పేరా, హైడ్రోజన్ బంధానికో పేరా, ఆఖర్న ధ్రువణతకో పేరా ఇచ్చావు. చాలావరకు సరిగ్గానే ఉన్నాయి గానీ ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టడం లేదు. బంధంలోని ఎలక్ట్రాన్ జంట వెంట నడువమ్మా. రెండు పరమాణువుల మధ్య ఆ జంట ఎటు జరిగిందో అదొక్కటే అడుగుతూ పో. దాదాపు మధ్యలోనే ఉంటే అధ్రువ బంధం, ఒకవైపు ఒరిగితే ధ్రువ బంధం, ఒక పరమాణువు ఎలక్ట్రాన్‌ని పూర్తిగా లాగేసుకుంటే అయాన్లు. పరమాణువు ఎలక్ట్రాన్లని తనవైపు ఎంత గట్టిగా లాగుతుందో చెప్పే పౌలింగ్ స్కేలు మీద ఆక్సిజన్ 3.44, కార్బన్ 2.55, హైడ్రోజన్ 2.20. నీ వ్యాసం మొత్తానికి ఈ మూడు అంకెలు చాలు, ఆ పెద్ద పట్టిక తీసెయ్.

ఆ అంకెల్ని మాత్రం ఊరికే వదిలెయ్యకు. కార్బన్, హైడ్రోజన్‌ల మధ్య తేడా 0.35, అంటే జంట దాదాపు మధ్యలోనే. ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య 1.24, అంటే జంట బాగా ఆక్సిజన్ వైపు ఒరిగింది. ఒకసారి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి బోట్ల పక్కన నీళ్లు చూడు. డీజిల్ రంగురంగుల పొరలా పైన తేలుతూ ఉంటుంది. డీజిల్ అంటే ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, పట్టుకోవడానికి విద్యుదావేశం లేని ఆ గొలుసులకి మధ్యలో చోటివ్వవు. అదే నీటిలో ఉప్పు మాత్రం కనపడకుండా కలిసిపోయింది. సముద్రపు నీరు కిలోకి సగటున 35 గ్రాముల లవణాలు మోస్తుంది. సోడియం అయాన్ చుట్టూ నీటి అణువులు ఆక్సిజన్ వైపు తిప్పి చేరతాయి, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ వైపు తిప్పి. ఇక్కడి నుంచి కణాన్ని చుట్టి ఉండే పొరకి, అంటే కణత్వచానికి, ఒక్క అడుగు. ఆ పొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువుల తోకలు కూడా కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. అవి నీళ్లకి దూరంగా లోపలికి ఒదుగుతాయి, తలలు నీటివైపు ఉంటాయి. అందుకే అధ్రువమైన ఆక్సిజన్ వాయువు త్వచంలోంచి సులువుగా దాటిపోతుంది, సోడియం అయాన్‌కి మాత్రం ప్రొటీన్ దారి చూపించాలి. బయాలజీ పిల్లలకి ఈ గొడవంతా ఎందుకో ఇక్కడ తెలిసిపోతుంది.

'ధ్రువ బంధాలున్న అణువు ధ్రువ అణువు' అని రాశావు. అది తప్పు, తప్పకుండా మార్చు. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు బంధాలూ ధ్రువ బంధాలే, అణువు మాత్రం అధ్రువం. మన బీచ్‌లో జాలర్లు రెండు జట్లుగా నిలబడి పెద్ద వల లాగుతారు కదా. తాళ్లు రెండూ వాలుగా ఉంటాయి కాబట్టే వల ఒడ్డుకొస్తుంది. అవే తాళ్లు ఒకే గీత మీద చెరోవైపూ సమానంగా లాగితే వల ఉన్నచోటే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 180 డిగ్రీల గీత. నీరు 104.5 డిగ్రీల వంపు. బలం ఎంతన్నదే కాదు, ఏ దిక్కున్నదీ చూడాలి.

హైడ్రోజన్ బంధం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగు. చాలామంది పిల్లలు నీటి అణువు లోపలుండే బంధాన్నే హైడ్రోజన్ బంధం అనుకుంటారు. నీ మూడో పేరా చదివితే ఎవరైనా అలాగే అనుకుంటారు. అది ఒక అణువులోని హైడ్రోజన్‌కీ పక్క అణువులోని ఆక్సిజన్‌కీ మధ్య ఉండేదని మొదటి వాక్యంలోనే చెప్పు. లోపలి సమయోజనీయ బంధం తెగాలంటే మోల్‌కి సుమారు 460 కిలోజౌళ్లు కావాలి, హైడ్రోజన్ బంధానికి 20 దాకా చాలు. నీళ్లు మరిగినప్పుడు తెగేవి ఈ రెండోవే. బలహీనమైనదే అయినా దాని లెక్క చిన్నది కాదు. నీటికంటే బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్, అలాంటి బంధాలు దాదాపు లేక, సున్నాకి 60 డిగ్రీలు కిందే మరిగిపోతుంది. మే నెలలో మన ఊళ్లో చెమట ఆరక పడే అవస్థ కూడా రాయి. చెమట ఆవిరవాలంటే ఆ బంధాలు తెగాలి, దానికి వేడి ఒంట్లోంచి పోవాలి. సముద్రపు గాలి తేమతో నిండిపోయి ఆవిరి కానివ్వదు, ఒళ్లు చల్లబడదు.

ఆ బలహీనత లేకపోతే బతుకే లేదన్నది నువ్వు పూర్తిగా వదిలేశావు. డీఎన్ఏలో రెండు పోగుల్ని కలిపే క్షారాల జతల్లో ఎ–టి మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జి–సి మధ్య మూడు. వేల జతలు కలిస్తే నిలకడ. కాపీ చేసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం వెన్నెముక లాంటి సమయోజనీయ గొలుసు చెక్కుచెదరకుండా రెండు పోగులూ విడిపోతాయి. 1953లో డీఎన్ఏ నిర్మాణాన్ని వివరించిన వాట్సన్, క్రిక్ జి–సి మధ్య రెండే చూపించారు. మూడోది 1956లో పౌలింగ్, కోరీ చేర్చారు. ఇలాంటి సంగతి పిల్లలకి భలే నచ్చుతుంది, పెట్టు.

కణాలు శక్తికి వాడుకునే ఏటీపీ అణువు గురించి 'ఏటీపీలో బంధం తెగితే శక్తి విడుదలవుతుంది' అన్న వాక్యం కొట్టెయ్. ఏ బంధమైనా తెగడానికి శక్తి కావాలి. నీటితో చర్య జరిగాక కొత్తగా ఏర్పడిన పదార్థాలు మరింత స్థిరంగా ఉంటాయి, మొత్తం మీద శక్తి మిగిలేది అందుకు.

బొమ్మలు నెట్‌లోంచి తీసుకోకు, నువ్వే గీయి. ఆక్సిజన్ మీద బంధంలో పాల్గొనని రెండు ఒంటరి ఎలక్ట్రాన్ జంటల్ని మర్చిపోకు, ఆ వంపు వచ్చేదే వాటివల్ల. హైడ్రోజన్ బంధాన్ని చుక్కల గీతతో చూపించు. మార్చిన ప్రతిని మీ వీధిలో బైపీసీ చదివే పిల్ల ఎవరైనా ఉంటే ముందు తనచేత చదివించి, ఎక్కడ ఆగిపోయిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టించి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు