మిలాన్ వెళ్తున్నాం, ఇటాలియన్ రాని పిల్లల్ని స్కూల్లో చేర్చుకుంటారా?

చేర్చుకుంటారండీ. ఇటలీలో 6 నుంచి 16 ఏళ్ల దాకా చదువు తప్పనిసరి. నివాస పర్మిట్ కార్డు (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) ఇంకా చేతికి రాలేదని ప్రభుత్వ స్కూలు కాదనకూడదు. ఆన్‌లైన్ అప్లికేషన్లు మామూలుగా జనవరి, ఫిబ్రవరిల్లోనే అయిపోతాయి. మధ్యలో వచ్చేవాళ్లు నేరుగా స్కూలు ఆఫీసుకే వెళ్లాలి. క్లాసు సాధారణంగా వయసును బట్టి ఇస్తారు, భాషను బట్టి కాదు.

దిగిన 8 పనిదినాల్లోపు పర్మిట్ పని మొదలుపెట్టండి. ‘కోదిచే ఫిస్కాలే’ మన పాన్ నంబర్ లాంటిది. పిల్లలకీ ఉంటుంది, అది లేకపోతే అడుగడుగునా ఆగిపోతారు.

చాలామంది ఇబ్బంది పడేది టీకాల దగ్గర. అక్కడ 10 టీకాలు తప్పనిసరి, అందులో గవదబిళ్లలదీ ఒకటి. మన ప్రభుత్వ టీకాల జాబితాలో అది లేదు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మాత్రమే వేయించి ఉంటే, గవదబిళ్లలది కూడా కలిసిన ఎంఎంఆర్ ఇక్కడే వేయించి, కార్డులో రాయించుకోండి.

ప్రైమరీలో ‘తెంపో పియెనో’ (రోజంతా బడి) తీసుకుంటే వారానికి 40 గంటలు, మధ్యాహ్న భోజనం అక్కడే. మాంసం వద్దని ముందే ఫారం ఇవ్వండి.

భాష గురించి దిగులొద్దు. మావాడు మూడు నెలలు నోరు విప్పలేదు. నాలుగో నెలలో బేకరీలో నా ఉచ్చారణ దిద్దాడు, అదీ అందరి ముందు!