బాక్సు నంబరులోనే గది తెలియాలి

ప్రశ్న: మిర్యాలగూడలో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసే చిన్న షెడ్డు మాది. ఇల్లంతా సాఫ్ట్‌వేర్‌లో గీసి కటింగ్ లిస్టు తీస్తే ప్రతి గదిలోనూ నంబర్లు మళ్లీ ఒకటి నుంచే వస్తున్నాయి. నాలుగు గదులకు 1వ నంబరు బాక్సులు నాలుగు. సైటుకు పోయాక టేపు పెట్టి కొలిస్తే తప్ప ఏది ఏ గదిదో తేలడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మూడంకెల నంబరు పెట్టండి. మొదటి అంకె గదిది, తర్వాతి రెండూ బాక్సువి. వంటగది 1, పూజగది 2, పెద్ద పడకగది 3 అనుకుంటే, వంటగదిలో నాలుగో బాక్సు 104, పడకగదిలో నాలుగోది 304. సాఫ్ట్‌వేర్‌లో ఏ గదికా గది విడిగా తెరవండి. నంబరు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే వీలుంటే 101, 201, 301 ఇవ్వండి. లేదంటే బాక్సు పేరు గడిలో చేత్తో కొట్టేయండి. పై అంతస్తు కూడా ఉంటే ముందు ఇంకో అంకె చేరుతుంది: కింద 1104, పైన 2104.

గుమ్మంలోంచి లోపలికి రాగానే ఎడమచేతి గోడతో మొదలుపెట్టి వరుసగా వేసుకుంటూ పోండి. కింది బాక్సులకు 01 నుంచి, గోడ బాక్సులకు 31 నుంచి, సజ్జ షట్టర్లకు 61 నుంచి, ఫిల్లర్లు (సందులు మూసే పట్టీలు), సైడ్ ప్యానెళ్లు, నేల దగ్గర వేసే స్కర్టింగు పట్టీలకు 81 నుంచి ఇవ్వండి. ఫిల్లర్లకు నంబరెందుకని చాలామంది వదిలేస్తారు. తీరా బిగించే రోజున వెతుక్కునేది వాటినే.

మధ్యలో గీతలు, చుక్కలు వద్దు. 1-4 అని కొడితే ఎక్సెల్ తేదీ చేసేస్తుంది, 1.10ని 1.1 చేస్తుంది, 01లో సున్నా ఎగరగొడుతుంది. 1/4 అంటే విండోస్ ఆ పేరుతో ఫైలే దాచుకోనివ్వదు. ఉత్త అంకెలకు ఈ తంటా లేదు.

ఇంకో సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. షీటు కోశాక నంబరు మారకూడదు. మధ్యలో ఇంటివాళ్లు 104 వద్దన్నారనుకోండి. దాన్ని తీసేయగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు 105ను 104గా, 106ను 105గా జరిపేస్తాయి. కోసిన ముక్కల మీద పాత నంబర్లు, కొత్త డ్రాయింగులో కొత్తవి. సింకు కిందికి పోవాల్సిన పలకలు పొయ్యి కింది బాక్సుకు చేరతాయి. అందుకే కటింగ్ లిస్టు ఇచ్చే ముందే నంబర్లు వాటంతటవే మారే సెట్టింగును ఆపేయండి. తీసేసిన 104 ఖాళీగానే ఉండనివ్వండి. కొత్తగా చేరిన కింది బాక్సుకు ఆ వరుసలో చివరి నంబరు తర్వాతిది ఇవ్వండి. వరుస చెడితే చెడనీ. డ్రాయింగు మళ్లీ తీసినప్పుడల్లా తేదీ వేసి, షెడ్డులో ఉన్న పాత కాగితం చింపేయండి.

ప్రశ్న: రెండు గదుల్లో ఒకే కొలత ముక్కలుంటే కలిపి ‘4 ముక్కలు’ అని రాస్తే సరిపోదా? (జడ్చర్ల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కోతకు కలపొచ్చు, స్టిక్కరుకు కలపొద్దు. 600 ఎం.ఎం. వెడల్పు, 720 ఎత్తు, 560 లోతు బాక్సులు వంటగదిలో ఒకటి, పడకగదిలో ఒకటి ఉన్నాయనుకోండి. 18 ఎం.ఎం. ప్లై అయితే పక్కపలకలు 720×560వి నాలుగు, అడుగులు 564×560వి రెండు. కొలతలు ఒకటే గాని సరుకు వేరు: వంటగదికి తడికి తట్టుకునే ఐ.ఎస్. 710 ప్రమాణం ప్లై, పడకగదికి మామూలు వాడకానికి చేసే ఐ.ఎస్. 303. రెండింటికీ మెటీరియల్ పేరు ‘18 ప్లై’ అని కొట్టారంటే సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకే 8×4 షీటులో పరిచేస్తుంది. 303 ముక్క సింకు కింద పడి తడికి ఉబ్బుతుంది. కోతకు కలిపేది కూడా ఒకే సరుకైతేనే. పేర్లు ‘710 ప్లై’, ‘303 ప్లై’ అని విడివిడిగా పెట్టండి.

కుడి ఎడమల తేడా కూడా ఉంది. ఒంటి షట్టరు బాక్సులో హింజ్ (కబ్జా) ప్లేటు బిగించే రంధ్రాలు, ముందు అంచుకు 37 ఎం.ఎం. లోపలికి, ఒక పలకకే పడతాయి. కాబట్టి ముక్కకో స్టిక్కరు: 104 ఎడమ, 104 కుడి, 104 అడుగు. పొట్టు తుడిచి, అంచులకు దూరంగా ముక్క మధ్యలో అంటించండి. అంచు దగ్గరుంటే అంచులకు పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండ్ మిషన్‌లో లేచిపోతుంది. వెనక అంచు మీద పెన్సిలుతో కూడా అదే నంబరు రాస్తే స్టిక్కరు ఊడినా ముక్క తప్పిపోదు.