ఫైబర్ బోటు వెనక పలక కదులుతోంది, పైన ప్లేటు వేస్తే చాలా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది అల్లూరు మండలం ఇస్కపల్లి దగ్గర. మా ఫైబర్ బోటుకి తొమ్మిదేళ్ళయింది, 9.9 హెచ్‌పీ మోటారు తగిలిస్తాం. ఈమధ్య మోటారు పైకి లేపినప్పుడల్లా వెనక పలక కదల్తా ఉండాది, బోల్టుల కాడ గోధుమరంగు నీళ్ళు కారతా ఉండాయి. తెలిసినాయన ఒకరు పైన రెండు ఫైబర్ మ్యాట్లేసి అల్యూమినియం ప్లేటు బిగిస్తే సరిపోద్ది అంటున్నాడు. వేటకి పోయేలోపు తేలాల, ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ప్లేటు పని మాత్రం చేయించొద్దు తమ్ముడూ. లోపల ప్లైవుడ్ కుళ్ళిందని ఆ గోధుమరంగు నీళ్ళే చెప్తున్నాయి. వెనక పలక, అదే ట్రాన్సమ్, రెండు ఫైబర్ పొరల మధ్య ఇరికించిన చెక్క, మోటారు బరువూ దాని తోపూ మోసేది ఆ చెక్కే, అది మెత్తబడ్డాక పైన ఏం బిగించినా బోల్టుకి పట్టుండదు, పైగా నీళ్ళు లోపలే ఉండిపోతాయి. నడిసముద్రంలో పలక విరిగితే పోయేది మోటారొక్కటే కాదు, బోటులో మనుషులుంటారు గదా, నాకు భయమంతా అదే.

ముందు ఎంతవరకు పోయిందో చూడు. సుత్తి పిడితో పలకంతా కొట్టుకుంటా పో, గట్టి చోట టక్కుమంటది, కుళ్ళిన చోట శబ్దం చచ్చిపోయినట్టు ఉంటది. లోపలివైపు నుంచి సన్న బిట్టుతో నాలుగైదు బెజ్జాలు వెయ్యి, పొడిపొడిగా లేత రంగు పొట్టు రావాలి, నల్లటి తడిముద్ద వస్తే అక్కడ చెక్క లేనట్టే. అడుగున నీళ్ళు వదిలే బెజ్జం చుట్టూ తప్పకుండా చూడు.

ఉప్పునీళ్ళ వల్ల కుళ్ళిందని చాలామంది అనుకుంటారు గానీ చెక్కని తినే బూజు వాననీళ్ళలోనే బాగా పెరుగుద్ది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, బోటు ఒడ్డున వెనక్కి వాలి ఉంటది, నీళ్ళన్నీ ఆ మూలకే చేరి సీలెంట్ లేని బోల్టు బెజ్జాల్లోంచి లోపలికి దిగుతాయి.

ఇక పని. కొయ్యకముందే పలక ఆకారం, వాలు అట్టముక్క మీద గీసిపెట్టుకో, వాలు మారితే మోటారు సరిగా కూచోదు. బోటుకి రెండుపక్కలా గట్టిగా ఊతం పెట్టు. బయటి ఫైబర్ పొర జోలికి పోకుండా లోపలి పొర కోసి, కుళ్ళిన చెక్క ఒక్క పేలిక కూడా మిగలకుండా తీసెయ్యి. ఎండలో బాగా ఆరనివ్వు, రాత్రి మంచుకి పట్టా కప్పు. పాత ఫైబర్‌ని ముతక డిస్కుతో గరుకుగా గీకాలి, పెయింటు మీద రెజిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు) పట్టదు.

చెక్క మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడే కొను. పాత మందం కొలుచుకో, మామూలుగా 18 మి.మీ.వి రెండు అతికిస్తే సరిపోద్ది. అంచులతో సహా రెజిన్ పట్టించి, ఏరోసిల్ (రెజిన్‌ని చిక్కబరిచే పొడి) కలిపిన చిక్కటి రెజిన్ ముద్ద పరిచి, గాలి ఖాళీ లేకుండా చుట్టూ ముద్ద బయటికొచ్చేదాకా క్లాంపులు బిగించు. తర్వాత మూలలు గుండ్రంగా నింపి, మ్యాటూ రోవింగూ (మందంగా నేసిన ఫైబర్ గుడ్డ) మార్చిమార్చి పక్కగోడల మీదికి, అడుగు మీదికి 4, 6, 8 అంగుళాల చొప్పున ఒకదానికంటే ఒకటి వెడల్పుగా పరుచుకుంటా రా. ఈ పక్కపట్టు పిసినారితనంగా వేసినోళ్ళ పలకే మళ్ళీ ఊడేది.

మే ఎండలో రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తది, అందుకని తెల్లవారుజామున కొంచెం కొంచెం కలుపుకో. 100 గ్రాముల రెజిన్‌కి 1 గ్రాము హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం) చాలు, అంతకంటే తగ్గిస్తే సరిగా గట్టిపడదు. కోబాల్టునీ (రెజిన్ తొందరగా గట్టిపడేందుకు కలిపే ద్రవం) హార్డెనర్‌నీ నేరుగా ఎప్పుడూ కలపొద్దు, మంట లేస్తది, పేలుద్ది కూడా. కోబాల్టు ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పొయ్యి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకో, దగ్గర్లో బీడీ ఎవరూ కాల్చకూడదు.

మోటారు బోల్టులకి బెజ్జాలు పెద్దవిగా వేసి చిక్కటి రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు బెజ్జం వేసుకో, అప్పుడు నీళ్ళొచ్చినా చెక్కకి తగలవు. స్టీలు బోల్టులకి పాలీయురేథేన్ సీలెంట్ పూసి బిగించు. జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది గాబట్టి తొందరపడకుండా, మోటారు తగిలించేముందు నాలుగైదు రోజులు పలకని బాగా గట్టిపడనియ్యి.